చేతిలో ఫోన్ ఉన్నా చెవిలో పెద్దల మాట ఉండాలి

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు, ఫోన్లు, మంచి నడవడి అనే విషయం మీద మాట్లాడమని సంఘం పెద్దలు మమ్మల్ని అడిగారు. ఆ మాట మైకులో వినగానే మీలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో పడే తిట్లు చాలవా, ఇక్కడ కూడానా అనుకుని ఉంటారు. మేము ఫోన్‌ను తిట్టడానికి రాలేదు. మా చేతిలోనూ ఫోన్ ఉంది. పిల్లల హాజరు, సరుకుల లెక్క, ఆఫీసు ఆదేశాలు అన్నీ దాంట్లోనే నడుస్తున్నాయి. మేము వచ్చింది మీ అమ్మానాన్నలు మాతో చెప్పుకున్న మాటలు మీకు చేరవేయడానికి. అవే మాటలు వాళ్లు మీతో అంటే మీకు తిట్లుగా వినిపిస్తాయి. మాతో చెప్పుకున్నప్పుడు మాకు వాళ్ల బాధ వినిపించింది.

ఆదివారం వినే మాటలు

ఆదివారం హాస్టల్‌కు తల్లిదండ్రులు వస్తారు. కొందరు తెల్లారగానే బయలుదేరి, కొంత దూరం నడిచి, కొంత దూరం ఆటో ఎక్కి వస్తారు. సంచిలో జొన్న రొట్టెలో, పల్లీలో ఉంటాయి. పదేళ్ల కిందట వాళ్లు అడిగే ప్రశ్నలు వేరు. అన్నం సరిగా తింటున్నాడా, జ్వరం తగ్గిందా, లెక్కలు వస్తున్నాయా అని అడిగేవాళ్లు. ఇప్పుడూ అవి అడుగుతారు. కానీ లేచి వెళ్లేముందు గొంతు తగ్గించి ఇంకో మాట అంటున్నారు. "మేడం, సెలవులకు ఇంటికొస్తే ఫోన్ ఇడుస్తలేడు. మీరు జర చెప్పుండ్రి."

ఆ ఒక్క మాట వెనక నాలుగు భయాలున్నాయి.

మొదటిది నిద్ర, చదువు. రాత్రి ఒంటిగంట దాకా దుప్పటి కింద వెలుగు కనిపిస్తుంది, పొద్దున లేపితే లేవడు, చేనుకు రాడు, పుస్తకం పట్టడు అంటారు.

రెండోది పలకరింపు. "చుట్టం ఇంటికొచ్చి గుమ్మంల నిలబడ్డా తల ఎత్తడు, రాం రాం అనడు" అని ఒక తల్లి చెప్పింది. మనలో ఇంటికి వచ్చిన మనిషికి చెంబుతో నీళ్లిచ్చి, దండం పెట్టి, ఏ ఇంటిపేరు, ఏ ఊరు అని అడగడం చిన్న పిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. అది పోతోందని ఆమె దిగులు.

మూడోది డబ్బు. ఆటల్లో, బెట్టింగుల్లో పోయే డబ్బు.

నాలుగోది ఆడపిల్ల. బిడ్డ ఎవరితో మాట్లాడుతోందో, ఎవరు ఏ ఫోటో అడుగుతున్నారో, ఎవరు ఎటు తీసుకుపోతారో అన్న భయం. మిగతా మూడింటినీ తల్లిదండ్రులు పైకి చెబుతారు. దీన్ని చెప్పరు. చెప్పకుండానే బిడ్డను చదువు మాన్పిస్తారు.

వీటన్నిటి కింద ఇంకో బాధ ఉంది. ఫోన్‌లో ఏముందో వాళ్లకు తెలియదు. చాలామందికి చదువు రాదు. కొడుకు అడవికి వెళితే ఏ చెట్టు దగ్గర ఏ ప్రమాదం ఉందో వాళ్లకు తెలుసు. వాగు దాటుతుంటే ఎక్కడ లోతుందో చెప్పగలరు. పక్కన కూర్చున్న బిడ్డ ఫోన్‌లో ఏ లోతులో ఉన్నాడో మాత్రం చెప్పలేరు. ఆ చేతకానితనం వల్లే వాళ్ల నోట కోపం వస్తుంది.

ఫోన్ మన గూడేలకు ఎలా వచ్చింది

2016 తర్వాత డేటా చవకైంది. అయినా చాలా గూడేల్లో స్మార్ట్‌ఫోన్ ఒకటో రెండో ఉండేవి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో పాఠాలు టీవీలో, ఫోన్‌లో మొదలయ్యాయి. ఫోన్ లేకపోతే బిడ్డ వెనకబడుతుందని మేకను అమ్మి కొన్నవాళ్లున్నారు, షావుకారు దగ్గర బాకీ పెట్టి కొన్నవాళ్లున్నారు. సిగ్నల్ కోసం పిల్లలు గుట్ట ఎక్కి కూర్చున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మీలో చాలామంది ఆ గుట్ట ఎక్కినవాళ్లే.

అంటే మన ఇళ్లలోకి ఫోన్ సరదా కోసం రాలేదు, చదువు పేరు చెప్పుకుని వచ్చింది. తర్వాత బడులు తెరిచారు, ఫోన్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. 2024 అసర్ నివేదిక చూడండి. దేశంలోని గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువు పనికి ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. చదువు కోసం కొన్న వస్తువు ఎటు నడుస్తోందో ఈ లెక్క చెబుతుంది.

అలాగని ఫోన్ లేకుండా మీకు రోజు గడవదు. స్కాలర్‌షిప్ ఈపాస్‌లో చూసుకోవాలి. డిగ్రీ సీటుకు దోస్త్‌లో దరఖాస్తు పెట్టాలి. హాల్‌టికెట్, ఫలితం, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఓటీపీ అన్నీ ఫోన్‌కే వస్తాయి. "ఫోన్ పారేయండి" అని చెప్పేవాళ్లు మీకు దారి చూపడం లేదు. మేము ఆ మాట చెప్పం.

ఎందుకు వదలబుద్ధి కాదు

మా పిల్లలు దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత హాస్టల్‌కు తిరిగొచ్చినప్పుడు మేము ప్రతిసారీ ఒకటే చూస్తున్నాం. మొదటి మూడు నాలుగు రోజులు చాలామంది చిరాకుగా ఉంటారు. స్టడీ అవర్‌లో కునుకు తీస్తారు. చిన్న మాటకే గొడవ పడతారు. చేయి ఊరికే జేబు తడుముకుంటూ ఉంటుంది. వారం గడిచాక అదే పిల్లలు సాయంత్రం గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతూ, రాత్రి మంచాల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ కనిపిస్తారు. పిల్లలు చెడిపోలేదు. వారం రోజుల్లో మామూలు మనుషులైపోతున్నారు. దీన్నిబట్టి పట్టు ఎక్కడుందో అర్థం చేసుకోవాలి.

ఆ పట్టు కావాలని తయారుచేసిందే. ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే వస్తుంది. సినిమాకైతే శుభం కార్డు పడుతుంది, పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది. రీల్స్‌కు అలాంటిది లేదు. మీరు ఏ వీడియో దగ్గర కాసేపు ఆగారో అది గుర్తుపెట్టుకుని అలాంటివే తెచ్చి ముందు పెడుతుంది. మీరు ఎంతసేపు చూస్తే వాళ్లకు అంత ప్రకటనల డబ్బు. ఫోన్ ఊరికే వస్తోందని మనం అనుకుంటాం. మన రాత్రి నిద్రతో దాని ధర కడుతున్నాం.

ఆటలూ అంతే. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో చేర్చింది. 2022 నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. ఎక్కువసేపు ఆడితే చాలు జబ్బు అని వాళ్లు అనలేదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, చదువు, మనుషుల కంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా మానకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగడం గుర్తులుగా చెప్పారు. మీ ఇంట్లో తమ్ముడు అలా ఉంటే తిట్టి, కొట్టి లాభం లేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

పత్తి డబ్బు

ఇప్పుడు మేము చూసిన రెండు సంగతులు చెబుతాం. పేర్లు, ఊర్లు చెప్పం.

ఒక తండ్రి సంక్రాంతి సెలవుల తర్వాత కొడుకును వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. పత్తి అమ్మిన డబ్బు ఖాతాలో పడింది. ఎరువుల షాపులో బాకీ కట్టడానికి బ్యాంకుకు వెళితే డబ్బు లేదన్నారు. ఆయనకు చదువు రాదు. ఫోన్‌లో డబ్బులు పంపే పని అంతా తొమ్మిదో తరగతి చదివే కొడుకే చేసిపెట్టేవాడు. పిన్ నంబర్ కొడుక్కే తెలుసు. ఇంట్లో చదువుకున్నవాడు వాడొక్కడే కాబట్టి ఆయన నమ్మి చెప్పాడు.

ఆయన కొడుకును కొట్టలేదు. ఫోన్ మా ముందు పెట్టి, "పైసలు ఎటు వోయినయో జర చదివి చెప్పు మేడం" అన్నాడు. మేము ఆ పట్టీ తెరిచాం. రెండు వందలు. ఐదు వందలు. ఐదు వందలు. వెయ్యి. మళ్లీ వెయ్యి. అన్నీ ఒకే ఆటకు, అన్నీ రాత్రి పదకొండు తర్వాత. మధ్యలో ఒకసారి మూడు వందలు గెలిచినట్టు వచ్చింది. ఆ మూడు వందల కోసమే మిగతావన్నీ పోయాయి. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నాడు. "ఇంకోసారి చదువు" అన్నాడు. రెండోసారి మేము చదవలేదు, అబ్బాయిని చదవమన్నాం. నాలుగు వరుసలు చదివేసరికి వాడి గొంతు ఆగిపోయింది. తండ్రి అప్పుడు ఒకే మాట అన్నాడు. "నాకు సదువు రాదనే గదా నిన్ను సదివిస్తున్న."

తమ్ముళ్లూ, ఈ మాటను మరచిపోకండి. అక్కడ పోయింది పత్తి డబ్బు ఒక్కటే అయితే మరో పంటకు తీర్చుకోవచ్చు. తండ్రి తన కళ్లు తీసి కొడుకు చేతిలో పెట్టాడు. వాడు అవే కళ్లు కప్పాడు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటా నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా లింకులు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో తిరుగుతూనే ఉన్నాయి. "ఇంకో నలుగురిని చేర్పిస్తే నీకు కమీషన్" అని ఆశపెట్టి గూడెం పిల్లలనే ఏజెంట్లుగా చేస్తారు. అలాంటి లింకు మీకు ఎవరు పంపినా, సొంత బావ పంపినా, ముందుకు పంపకండి. మోసపోయి డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చదువు ఆగబోయిన చెల్లె

రెండో సంగతి పదో తరగతి అమ్మాయిది. సెలవుల్లో ఆమె ఫోన్‌లో ఒక అబ్బాయి పంపిన మెసేజ్‌లు ఇంట్లోవాళ్ల కంటపడ్డాయి. సెలవులైపోయినా అమ్మాయి హాస్టల్‌కు రాలేదు. మేము గూడేనికి వెళ్లేసరికి చదువు మాన్పించాలనీ, సంబంధం చూడాలనీ అనుకుంటున్నారు. తల్లి ఏడుస్తోంది. తండ్రి మా ముఖం చూడడం లేదు. చట్టం చెప్పాం. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని చెప్పాం. పరీక్షలు దగ్గరపడ్డాయని చెప్పాం. ఆయన తల ఊపుతున్నాడు గానీ మనసు మారడం లేదని కనిపిస్తూనే ఉంది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె అన్న, ఇంటర్ చదివే అబ్బాయి, ముందుకొచ్చాడు. తన ఫోన్ తీసి తండ్రి చేతిలో పెట్టాడు. "బాపు, నా ఫోన్ల గూడ గిట్లాంటి మెసేజ్‌లు ఉన్నయ్. నన్నెవ్వరు సదువు మానమనలే. చెల్లెనెందుకు మానిపిస్తున్నవ్?" అన్నాడు.

ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజే అమ్మాయి మాతో రాలేదు. మూడో రోజు అన్నే బండి మీద తీసుకొచ్చి దింపి వెళ్లాడు. ఆమె పదో తరగతి పరీక్షలు రాసింది.

మేము చెప్పిన చట్టం కంటే ఆ పిల్లవాడి ఒక్క మాట ఎక్కువ పనిచేసింది. టీచర్లు, వార్డెన్లు చెప్పేది బయటివాళ్ల మాట. ఇంటి మనిషి నిజాయితీగా మాట్లాడితే తండ్రి వింటాడు. ఈ సభలో ఉన్న ప్రతి అన్నా అలా ఒకసారి నిలబడితే మన ఆడపిల్లల్లో ఎంతమంది చదువు ఆగకుండా ఉంటుందో ఆలోచించండి.

చెల్లెళ్లకూ ఒక మాట. ఎవరైనా ఫోటో అడిగితే పంపకండి. ఒకవేళ పంపి ఉంటే, దాన్ని చూపించి బెదిరిస్తుంటే, భయపడి ఇంకోటి పంపకండి, డబ్బు పంపకండి. మెసేజ్‌లు చెరిపేయకండి, అవే సాక్ష్యం. అమ్మకో, అక్కకో, టీచర్‌కో, మాకో చెప్పండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, ఎప్పుడైనా చేయవచ్చు. తప్పు బెదిరించేవాడిది. తమ్ముళ్లూ, మీరూ వినండి. 18 ఏళ్లలోపు పిల్లల అసభ్య ఫోటో, వీడియో ఫోన్‌లో దాచుకున్నా, స్నేహితుడికి పంపినా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. "నేను తీయలేదు, నాకు వచ్చింది, పంపాను" అంటే కుదరదు.

మన నడవడి ఎక్కడ నేర్చుకున్నాం

తల్లిదండ్రులు మంచి నడవడి అన్నప్పుడు మీకు అదేదో పాతకాలపు మాటలా అనిపించవచ్చు. మనకు నడవడి నేర్పిన బడులు మన పండుగలే. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం హస్తినమడుగు దాకా కాలినడకన, చెప్పులు లేకుండా వెళ్లివస్తారు. ఆ నడకలో పెద్దల వెనక చిన్నవాళ్లు నడుస్తారు. జాతరలో భేటింగ్ రోజు కొత్త కోడళ్లను నాగోబాకూ, పెద్దలకూ పరిచయం చేస్తారు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరిని ఏ వరుసతో పిలవాలో అక్కడ తెలుస్తుంది. పర్ధాన్ కీక్రి వాయిస్తూ వంశం కథ పాడుతుంటే రాత్రంతా కూర్చుని విన్న తరం మన తాతలది.

దీపావళి దండారి సంగతి మీకు మేము చెప్పక్కర్లేదు. గుస్సాడీ వేషం కట్టినవాళ్లు ఆ పండుగ రోజులన్నీ స్నానం చేయరు. నియమం తప్పరు. ఊరు దాటి ఇంకో ఊరికి విడిదికి వెళతారు, అక్కడ మర్యాదలు పాటిస్తారు. వాళ్ల వెనక పోలీసు ఉండడు, వార్డెన్ ఉండడు. ఎవరు చూసినా చూడకపోయినా నియమం నియమమే. మీలో చాలామంది నెమలి ఈకల టోపీ పెట్టినవాళ్లే. అన్ని రోజులు ఆ నియమం నిలబెట్టిన కుర్రాడు రాత్రి పదింటికి ఫోన్ పక్కన పెట్టలేడంటే మేము నమ్మం. మంచి నడవడి అంటే మాకు తెలిసిన అర్థం ఇదే. అమ్మానాన్న చూస్తున్నప్పుడు ఎలా ఉంటామో, దుప్పటి కింద ఒంటరిగా ఉన్నప్పుడూ అలాగే ఉండడం.

ఫోన్ ఈ సంస్కృతికి శత్రువు కానక్కర్లేదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే మన అక్షరాలు కంప్యూటర్‌కూ, ఫోన్‌కూ ఎక్కే దారి పడింది. ఆ దారిలో నడవాల్సింది మీరే. మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ కళకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబర్‌లో ఆయన మనకు దూరమయ్యారు. ఆయన అడుగులు ఇవాళ వీడియోల్లో చూసుకోవచ్చు. కానీ ఆయన శిష్యులు వీడియో చూసి నేర్చుకోలేదు. పక్కన నిలబడి, కాలు తప్పితే దిద్దించుకుని నేర్చుకున్నారు. అందుకే దండారిలో అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకోకండి. గూడేనికి ఇద్దరిని రికార్డు చేయడానికి పెట్టండి. మిగతావాళ్లు ఆడండి. మీ అవ్వ చెప్పే కథను ఆమె అనుమతి అడిగి రికార్డు చేయండి, తర్వాత ఆమెకే వినిపించండి. ఫోన్ అంటే ఆమె భయం సగం అక్కడే పోతుంది.

మీరు చేయగలిగినవి

మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ దొర కాలంలో టీచర్ ట్రైనింగ్ కేంద్రం పెట్టారు. మన పిల్లలకు మన భాషలో చదువు చెప్పడానికి మనవాళ్లనే తయారుచేశారు. ఆ మొదటి తరం చదువు తమ కోసమే దాచుకోలేదు. చదువు రానివాళ్లకు కళ్లయ్యారు. ఇవాళ కాగితం స్థానంలో ఫోన్ వచ్చింది. దాన్ని చదవగలిగేది మీరు. చదవలేనిది మీ అమ్మానాన్నలు. కాబట్టి ఈ బాధ్యత మీ మీదే పడింది. మేము అడిగేవి పెద్ద పనులు కావు.

ఒకటి, ఈ వారమే ఒక సాయంత్రం అమ్మానాన్నల పక్కన కూర్చుని మీ ఫోన్ తెరిచి చూపించండి. దేనికి వాడుతున్నారో చెప్పండి. వాళ్ల ప్రశ్నలకు నవ్వకండి. పెద్దవాళ్లు కూడా భోజనం దగ్గర వీడియోలు చూస్తున్నారని మీలో చాలామంది మాతో అన్నారు. నిజమే. ఆ మాట కూడా అప్పుడే మర్యాదగా చెప్పండి, ఒప్పందం ఇద్దరికీ ఉండాలి.

రెండు, పంట డబ్బు పడే ఖాతాను ఫోన్‌లో డబ్బు పంపే యాప్‌కు కలపకండి. చిన్న ఖర్చులకు వేరే ఖాతా పెట్టుకుని, అందులో కొద్దిగా డబ్బు ఉంచండి. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే ప్రతిసారీ నాన్నకు చదివి వినిపించండి. అంకెలు గుర్తుపట్టడం నేర్పించండి. పత్తి తూకం దగ్గర అంకెలు చూసే మనిషికి అది కష్టం కాదు.

మూడు, రాత్రి ఇంట్లో ఫోన్లన్నీ ఒకే చోట, పడుకునే చోటికి దూరంగా చార్జింగ్ పెట్టండి. పొద్దున లేవడానికి అలారం కావాలంటే చిన్న గడియారం కొనుక్కోండి.

నాలుగు, గుమ్మంలోకి మనిషి వస్తే ఫోన్ కిందికి, తల పైకి. ముందు నీళ్లు, రాం రాం. ఫోన్‌లోది ఎక్కడికీ పోదు.

ఐదు, ఇంట్లో తమ్ముడికీ చెల్లెకూ ఒకే నియమం. ఆమెకు ఫోన్ నిషేధం, అతనికి రాత్రంతా స్వేచ్ఛ అనే పద్ధతి వద్దు. ఆమె కూడా దోస్త్‌లో దరఖాస్తు పెట్టాలి, ఆమెకూ ఓటీపీ రావాలి.

ఆరు, ఇది ఒక్కో ఇంటి సమస్యగా వదిలేయకండి. రాయిసెంటర్‌లో భూమి తగాదాలు, పెళ్లి సంగతులు మాట్లాడుకుంటాం. ఫోన్ సంగతి కూడా మాట్లాడండి. పటేళ్లను, సార్మేడీలను మేము ఇక్కడే చేతులు జోడించి కోరుతున్నాం. ఆ రోజు యువకులకూ, ఆడపిల్లలకూ మాట్లాడే అవకాశం ఇవ్వండి. ఫోన్ దొరికిందని పిల్లకు పెళ్లి చేయకూడదని గూడెం అంతా కలిసి ఒక మాట అనుకోండి. జరిమానాలతో అయ్యే పని కాదిది, కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని.

"సదవేస్తే ఉన్న మతి పోయింది" అని మన పెద్దలు అప్పుడప్పుడు అంటుంటారు. మీ చేతిలో ఫోన్ చూసి ఈమధ్య ఆ మాట ఎక్కువగా అంటున్నారు. దానికి మీరు నోటితో జవాబు చెప్పొద్దు. పంట డబ్బు వచ్చిన రోజు బ్యాంకు మెసేజ్ తండ్రికి చదివి వినిపించండి. బెదిరింపు వచ్చిన చెల్లె పక్కన నిలబడండి. అదే జవాబు.

పత్తి డబ్బు పోగొట్టిన ఆ అబ్బాయి సంగతి ఏమైందని మీరు అడగవచ్చు. వాడు ఇప్పుడు పదిలో ఉన్నాడు. ఆ పిన్ తండ్రి మార్పించుకున్నాడు. అది వాడికి తెలియదు, తెలుసుకోవాలనీ అడగలేదట. ఆదివారం తండ్రి వచ్చినప్పుడు తన ఫోన్ కొడుకు చేతికిచ్చి వచ్చిన మెసేజ్‌లు చదివించుకుంటాడు. వాడు ఒక్కో అంకె పైకి చదువుతాడు. తండ్రి మళ్లీ ఒకసారి తనే చదివి చూసుకుంటాడు. ఇద్దరికీ కొంచెం కొంచెంగా చదువు వస్తోంది.